సున్నం గోడకు సిమెంటు వైద్యం: డెల్టాలోని పాత చర్చిల గురించి

సంపాదకులకు నమస్కారం.

మా కతోలిక విచారణ (పారిష్) గుడిని, అంటే పాత చర్చిని, పడగొట్టి దాని స్థానంలో కొత్త గుడి కట్టాలన్న ప్రతిపాదనను గత ఆదివారం దివ్యబలి పూజ ముగిశాక విశ్వాసుల ముందు పెట్టారు. ఈస్టర్ పండుగ వెళ్లగానే పని మొదలవుతుందని చెప్పి, ఇష్టమైనవారు చేతులెత్తమంటే చాలామంది ఎత్తారు. నేను ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో లేచి నిలబడి చెప్పాలనుకున్నాను గాని ఆ క్షణంలో గొంతు పెగలలేదు. అక్కడ చెప్పలేకపోయినది మీ పత్రిక ద్వారా చెప్పుకుంటున్నాను. ఒకరిని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు గనుక ఊరి పేరు, గుడి పేరు రాయడం లేదు. పైగా ఇది మా ఒక్క ఊరి సంగతి అయితే పత్రికకు రాయవలసిన పని ఉండేది కాదు. గోదావరి పాయల మధ్య ఏ ఊరికి వెళ్లినా, కొబ్బరి తోటల నడుమ ఒక పాత గంటగోపురం, దాని పక్కనే కొత్త భవనం కోసం దింపిన ఇనుప చువ్వల కట్టలు కంటపడుతున్నాయి.

నేను కాలువల మీద, లాకుల మీద ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన ఇంజనీరును. మా తాతగారు, మా నాన్నగారు, నేను, నా పిల్లలు జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందింది ఈ గుడిలోని ఒకే రాతి తొట్టి దగ్గర. అందువల్ల నాకు ఈ గుడి మీద ఉన్నది మమకారమేనని కొందరు అనుకోవచ్చు. మమకారం ఉన్న మాట నిజమే. అయితే నేను చెప్పదలచుకున్నది గోడ గురించి.

పడగొట్టడానికి చెప్పిన ముఖ్య కారణం గోడలు పాడైపోయాయన్నది. పాడైన మాట వాస్తవం. పెద్ద తలుపు దాటి లోపలికి అడుగుపెట్టగానే ఎడమ చేతి వైపు, జ్ఞానస్నానపు తొట్టి వెనుక ఉన్న గోడ నడుము ఎత్తు వరకు ఎప్పుడూ నెమ్ముగానే ఉంటుంది. పైకి పూత బాగానే అంటుకుని ఉన్నట్టు కనిపిస్తుంది గాని వేలి కణుపుతో తడితే డొల్ల చప్పుడు వస్తుంది. గత వానాకాలంలో అక్కడ అరచేతి మందం పెచ్చు ఒకటి ఊడి పడింది. దాన్ని తిరగేసి చూశాను. సిమెంటు పూత వెనుక ఇటుక ముఖం మొత్తం ఎర్రటి పొరగా అంటుకుని వచ్చేసింది. గోడలో మిగిలిన ఇటుకను గోటితో గీరితే కుంకుమలా రాలింది, ఆ రాలిన పొడిలో ఉప్పు పలుకులు మెరిశాయి. ఇది చూసినవారెవరైనా గోడకు కాలం చెల్లిందనే అనుకుంటారు.

అదే గుడిలో పూజావస్త్రాలు భద్రపరిచే గది వెనుక ఇంకొక గోడ ఉంది. అదీ అప్పుడు కట్టినదే, అదే ఇటుక, అదే పునాది, అదే నేల. వానజల్లు సూటిగా కొట్టే వైపు కూడా అదే. ఆ గోడ మీద పాత సున్నపు పూత అక్కడక్కడ రాలి, ఇటుక బయటపడి, చూపులకు మరీ అధ్వాన్నంగా ఉంటుంది. కాని చేయి ఆనిస్తే పొడిగా ఉంటుంది. ఇటుకను గోటితో గీరితే గోరే అరుగుతుంది. ఈ రెండు గోడల మధ్య ఉన్న తేడా ఒక్కటే: 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫానుకు పైకప్పు పెంకులు ఎగిరిపోయినప్పుడు చందాలు పోగుచేసి మరమ్మతులు చేయించాం, ఆ డబ్బు వెనుక గోడ దాకా వచ్చేసరికి అయిపోయింది. మిగిలిన గోడలన్నిటికీ పాత సున్నం చెక్కి సిమెంటు పూత పూశాం. వెనుక గోడ మాత్రం ఎలా ఉన్నది అలాగే మిగిలింది.

ఆ రోజు సిమెంటు పూయమని సలహా ఇచ్చినవారిలో నేనూ ఉన్నాను. నాకు కాలేజీలో నేర్పినది సిమెంటు పని. సున్నం గురించి చదివింది పరీక్షకు రెండు పేజీలు మాత్రమే. గట్టిది వేస్తే గట్టిగా ఉంటుందని నమ్మాను, నమ్మి చెప్పాను, నా మాట విని అందరూ ఒప్పుకున్నారు. ఆ సలహా తప్పని ఇప్పుడు రాతపూర్వకంగా ఒప్పుకోవడం నా బాధ్యత అనుకుంటున్నాను.

డెల్టా నేలలో నీరు ఎంతో లోతున ఉండదు. నాట్లు పడ్డాక నాలుగడుగులు తవ్వితే ఊట వస్తుంది, సముద్రానికి దగ్గరైన ఊళ్లలో ఆ ఊట ఉప్పన. పునాది ఇటుక ఆ నీటిని దీపపు వత్తి నూనెను పీల్చినట్టు పైకి పీలుస్తుంది. మన పాత మేస్త్రీలకు ఈ సంగతి తెలుసు. అందుకే వారు నీరు గోడలోకి రాకుండా ఆపాలని చూడలేదు, వచ్చినది వచ్చినట్టే బయటకు పోయేలా కట్టారు. సున్నపు పూతకు సన్నని రంధ్రాలుంటాయి, వాటిలోంచి చెమ్మ ఆవిరై గాలిలో కలిసిపోతుంది. చెమ్మతో వచ్చిన ఉప్పు పూత మీద తెల్లగా పేరుకుంటుంది, కొన్నేళ్లకు ఆ పూత పెళుసుబారి రాలిపోతుంది, మళ్లీ పూస్తారు. ఇటుక బదులు పూత అరగాలి, అదే ఆ పద్ధతి. ఏటా క్రిస్మస్‌కు ముందు వెల్ల వేయడం పండుగ ముచ్చటగా మనం చూశాం గాని, అది గోడకు ఏటేటా చేసే వైద్యం కూడా.

సిమెంటు ఈ దారిని మూసేస్తుంది. బయటకు రాలేని చెమ్మ గోడ లోపల ఇంకా పైకి ఎక్కుతుంది, ఉప్పు పూత మీద కాకుండా ఇటుక ముఖంలోనే పలుకులు కడుతుంది, ఆ పలుకులు పెరిగి ఇటుకను లోపలి నుంచే చిట్లిస్తాయి. దాని మీద ప్లాస్టిక్ రంగు వేస్తే మిగిలిన సందు కూడా పూడుకుపోతుంది. నేల మీద నున్నటి టైల్సు పరిస్తే నేలలోంచి లేవవలసిన చెమ్మ అంతా పక్కకు మళ్లి గోడల్లోకే పోతుంది. మేము ఈ మూడూ చేశాం. చెమ్మ ఎక్కిన గోడలో దిగబడి ఉన్న టేకు దూలాల కొనలు ఇప్పుడు మెత్తబడటం మొదలైంది. గుడికి వచ్చిన జబ్బులో ముసలితనం పాలు చాలా తక్కువ. నూరేళ్లు దాటి నిలిచిన గోడను పాతికేళ్లలో మా మరమ్మతు ఈ స్థితికి తెచ్చింది.

ఇలాంటి గుడి ఎలా కట్టారో నేటి పిల్లలకు తెలియదు గనుక కొంత వివరంగా రాస్తాను. ఒండ్రు నేల మీద రాయి దొరకదు, ఉన్నదంతా మట్టే. అందుకే ఇటుక ఇక్కడే కాల్చుకున్నారు. సముద్రపు ఒడ్డున, ఉప్పుటేరుల వెంట దొరికే గుల్లను బట్టీలో కాల్చి సున్నం చేశారు. టేకు మన్యం అడవుల నుంచి తెప్పలుగా గోదావరి మీద దిగి వచ్చేది. కాల్చిన సున్నాన్ని గోతిలో నీళ్లతో విరిచి, వారాల తరబడి నాననిచ్చి, ఇసుకతోనో ఇటుక పొడితోనో కలిపి గానుగలో వేసి ఎద్దులతో తిప్పేవారు. అలా మెత్తగా నలిగినదాన్నే మనవాళ్లు డంగుసున్నం అన్నారు. పైకప్పు పనికీ, గచ్చు పనికీ కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు అందులో చేర్చేవారు. ఇటుకల మధ్య వేసిన ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును నెమ్మదిగా పీల్చుకుని ఏళ్ల తరబడి గట్టిపడుతూ మళ్లీ రాయిగా మారుతుంది. ఎండాకాలం నెర్రెలు విచ్చి, వానాకాలం ఉబ్బే మన బంకమట్టి మీద గోడ కొద్దిగా కదలడం తప్పదు. సున్నం ఆ కదలికను ఓర్చుకుంటుంది, సన్నని బీట పడితే నీటిలో కరిగిన సున్నమే ఆ బీటలో పేరుకుని దాన్ని పూడుస్తుంది. సిమెంటుకు ఆ ఓర్పు లేదు.

మా గుడిలో నడిమి భాగానికి పెంకుల కప్పు, పక్క వసారాలకు మద్రాసు డాబా. ఆ డాబా పని గురించి మా నాన్నమ్మ చెప్పేది. టేకు దూలాల మీద పలుచని చిన్న ఇటుకలను నిలువుగా, మూలవాటంగా పేర్చి సున్నంతో అతికి, దాని మీద ఇటుక కంకర కలిపిన సున్నం పరిచి, అది ఆరకముందే వరుసగా కూర్చున్న ఆడవాళ్లు చెక్క బడితెలతో రోజుల తరబడి కొట్టేవారట. కొడుతూ బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు చల్లేవారు. దెబ్బ పడితే బడితె ఎగిరి తిరిగి వచ్చేదాకా కొట్టాలన్నది లెక్క. ఆ కూలికి వెళ్లినవారిలో మా నాన్నమ్మ తల్లి ఉంది. గుడి కట్టించినవారిగా పరదేశపు గురువుల పేర్లు చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కాని ఆ డాబా మీద వాన నీరు ఇన్నేళ్లు నిలవకుండా పోయిందంటే అది పేర్లు ఎక్కడా రాయని ఆ ఆడవాళ్ల చేతి సత్తువ.

సున్నం బలహీనమైనదని, పాతకాలపు వస్తువని ఎవరైనా అంటే నేను వారిని ధవళేశ్వరం వైపు చూడమంటాను. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించిన ఆనకట్ట ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు పాయల మీద రాయి, ఇటుక, సున్నంతో లేచినదే. 1970లలో కొత్త బ్యారేజీ పని మొదలయ్యేదాకా నూరేళ్లకు పైగా గోదావరి వరద మొత్తాన్ని అది మోసింది. ఈ డెల్టాలో మనం తిన్న ప్రతి మెతుకూ ఆ సున్నపు కట్టడం చలవే. కాలువల మీద పాత లాకుల గోడలకు మరమ్మతు చేయించేటప్పుడు నేను స్వయంగా చూశాను: ఇటుకను విడదీయబోతే ఇటుక విరిగేది గాని సున్నపు దరజు విడిపోయేది కాదు. అంత దగ్గరగా చూసినవాణ్ణి గుడి దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం మరిచిపోయాను.

ఆ కాలువలు రాకుంటే మన ఊళ్లలో ఈ గుళ్లు ఇలా లేచేవి కావు. కాలువ పడవల మీదే ఇటుక, సున్నం, టేకు, గంటలు లోపలి ఊళ్లకు చేరాయి. అంతకు ముందే డెల్టా అంచుల్లో సముద్రపు వర్తకం తెచ్చిన పరదేశీయులు ఉన్నారు. పాలకొల్లులో డచ్చివారు, నర్సాపురం పక్క మాధవాయిపాలెంలో ఇంగ్లీషువారు, యానాంలో ఫ్రెంచివారు వస్త్రాల కోసం వచ్చి గిడ్డంగులు పెట్టుకున్నారు. యానాంలో ఫ్రెంచివారి సెయింట్ ఆన్స్ చర్చి 1846లో పూర్తయింది. 1839 నవంబరు తుఫాను కోరంగి రేవును ఊడ్చేసి అప్పటికి ఏడేళ్లు మాత్రమే. ఆ గాయం ఇంకా పచ్చిగా ఉన్న ఒడ్డున అంత ఎత్తు గోడలు లేపినవారి గుండె నిబ్బరం గురించి నేను అక్కడికి వెళ్లిన ప్రతిసారీ ఆలోచిస్తాను. ప్రొటెస్టెంటు సోదరుల చరిత్ర కూడా ఇక్కడ తక్కువది కాదు. 1836లో ఇంగ్లండులోని డెవన్ నుంచి బయలుదేరి వచ్చి నర్సాపురం ప్రాంతంలో స్థిరపడిన విలియం బౌడెన్ దంపతులు, జార్జ్ బీర్ దంపతులు సామాన్య వృత్తులవారు. బౌడెన్ రాతిపని మేస్త్రీ, బీర్ చెప్పులు కుట్టేవాడు. ఆనకట్ట పని జరుగుతున్న రోజుల్లో అక్కడి కూలీల మధ్య బౌడెన్ సేవ చేశాడు. రాజమండ్రిలో లూథరన్ల పని 1845లో, కాకినాడలో కెనడా బాప్తిస్టుల పని 1874లో మొదలయ్యాయి. ఎవరి శాఖ వారిదే అయినా అందరి గుళ్లకూ ఇటుక కాల్చింది, సున్నం నూరింది మన ఊళ్లవాళ్లే.

అందుకే ఈ గుళ్లను పరదేశపు కట్టడాలనడం నాకు సరిగా అనిపించదు. కిటికీల కమాను మొన తేలి ఉండటం, గంటగోపురం తూర్పు దేశపు గుళ్లలా కాకుండా చదరంగా లేవడం పడమటి నుంచి వచ్చినవి, సరే. కాని గుడి చుట్టూ వాన కొట్టకుండా దింపిన లోతైన వసారా ఎక్కడిది? వరద నీరు తగలకుండా మనిషి ఛాతీ ఎత్తున లేపిన అరుగు ఎక్కడిది? చెప్పులు మెట్ల కింద విడిచి, మగవారు ఒక పక్క, ఆడవారు ఒక పక్క చాపల మీద కూర్చునే తీరుకు తగ్గట్టు బల్లలు లేకుండా విశాలంగా వదిలిన ఎర్ర గచ్చు నేల ఎక్కడిది? మరియమ్మ పండుగకు తేరు తిరగడానికి ఆవరణలో వదిలిన బాట ఎక్కడిది? పీఠం మీద పరిచే గుడ్డ అంచుకు ఉన్న లేసు కూడా నర్సాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు అల్లినదే. ఆంగ్లికన్ బిషప్ అజరయ్య దోర్నకల్‌లో కట్టించిన కెథెడ్రల్ (బిషప్ పీఠం ఉండే ప్రధాన చర్చి), అది 1939లో ప్రతిష్ఠ అయింది, హిందూ దేవాలయం నుంచి, మసీదు నుంచి రూపాలు తీసుకుని ఈ నేల మీది గుడి ఈ నేల పోలికతో ఉండాలని బాహాటంగా చెప్పింది. మన డెల్టా గుళ్లు అంత గట్టిగా చెప్పలేదు, వానకూ వరదకూ జనానికీ తగ్గట్టు నెమ్మదిగా మారుతూ పోయాయి. మెదక్, దోర్నకల్ కెథెడ్రళ్లను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, వాటికి కాపలా ఉంటుంది. మా గుడి లాంటివాటిని చూడటానికి ఎవరూ రారు గనుక అవి పోతే పోయాయని కూడా ఎవరికీ తెలియదు.

ఆ అరుగు గురించి ఒక మాట. 1986 ఆగస్టు వరదలో ఏటిగట్టు తెగి నీరు ఊళ్లోకి వచ్చిన రాత్రి, మా పేటలో ఎక్కువ మంది ఆ అరుగు మీదికి, గుడి లోపలికి చేరారు. మావాళ్లే కాదు, రామాలయం వీధివాళ్లూ, మసీదు వీధివాళ్లూ వచ్చారు. పిల్లల్ని పీఠం మెట్ల మీద పడుకోబెట్టి, గొడ్లను వసారా కింది మెట్టుకు కట్టేసి మూడు రోజులు అక్కడే ఉన్నాం. ఆ గోడలు అప్పుడు మూడు రోజులు మోకాలి లోతు నీటిలో నానాయి. సున్నపు పూత ఉన్న కాలం కనుక వేసవి వచ్చేసరికి పూర్తిగా ఆరిపోయాయి. ఈ రోజు అంత నీరు వస్తే సిమెంటు చొక్కా తొడిగిన ఆ గోడలు ఆరవని నాకు భయం.

గుడి గంట సంగతి కూడా మా వారికే చెందినది కాదు. మధ్యాహ్నపు త్రికాల జపం గంట మోగితే నాట్లు వేసే కూలీలు ఏ కులమైనా, ఏ దేవుణ్ణి కొలిచేవారైనా నడుములెత్తి అన్నానికి గట్టెక్కేవారు. మా తరంవారికి అది ఊరి గడియారం.

పడగొట్టాలనేవారి మాటలో న్యాయం లేదని నేను అనను. మా విచారణలో కుటుంబాలు పెరిగాయి, క్రిస్మస్ రాత్రి సగం మంది బయట మంచులో నిలబడవలసి వస్తోంది. పైకప్పు కారుతోంది. ఊరికి దూరంగా ఉద్యోగాలు చేసుకునే పిల్లలు ప్రేమతో డబ్బు పంపుతామంటున్నారు, వారికి తమ డబ్బుతో కొత్తగా ఒకటి లేచిందన్న తృప్తి కావాలి. విచారణ గురువులు మంచివారు, ఎవరి మీదా పెత్తనం చేయని మనిషి, పైకప్పు పెంకు జారి ఎవరి తల మీద పడుతుందోనని నిజంగా బెంగపడుతున్నారు. ఈ అవసరాలన్నీ నిజమే. కాని స్థలం చాలకపోతే ఆవరణలో పడమటి వైపు ఖాళీగా ఉన్న నేలలో పెద్ద మందిరం కట్టుకోవచ్చు, పాత గుడిని వారపు పూజలకు, పెళ్లిళ్లకు, జ్ఞానస్నానాలకు, నిశ్శబ్దంగా కూర్చుని ప్రార్థించుకునేవారికి ఉంచుకోవచ్చు. రెండూ ఒకే ఆవరణలో ఉండటానికి అడ్డేమీ లేదు, చాలా ఊళ్లలో ఉన్నాయి కూడా.

మన కతోలిక శ్రీసభ చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం 1216వ నియమం గుడి కట్టేటప్పుడే కాక బాగుచేసేటప్పుడు కూడా తెలిసినవారి సలహా తీసుకోవాలని చెబుతుంది. ఒక గుడిని ఆరాధనకు ఏ విధంగానూ వాడలేని స్థితి వచ్చి, బాగుచేసే మార్గం కూడా లేనప్పుడు పీఠాధిపతులు (బిషప్) దాన్ని ఇతర వినియోగానికి విడిచిపెట్టవచ్చునని 1222వ నియమం మొదటి భాగం అంటుంది. బాగుచేసే మార్గం ఉందా లేదా అని మా ఊళ్లో ఎవరూ పరీక్ష చేయించలేదు. 1999 డిసెంబరులో రోము నుంచి శ్రీసభ సాంస్కృతిక సంపదను చూసే సంఘం అన్ని మేత్రాసనాలకూ (ఒక్కో బిషప్ కింద ఉండే మండలాలకూ) లేఖ రాస్తూ, ప్రతి గుడిలోని వస్తువులకూ కట్టడాలకూ పట్టిక తయారుచేయడం తక్షణ అవసరమని చెప్పింది. మా గుడిలో పాత పూజాపాత్రలు, లాటిను పూజాగ్రంథం, చెదలు తాకిన జ్ఞానస్నానపు రిజిస్టర్లు ఒక బీరువాలో ఉన్నాయి. గుడి పడిపోయిన నాడు అవి ఎక్కడికి పోతాయో చెప్పగలవారు లేరు.

ప్రభుత్వ రక్షణ మీద ఆశ పెట్టుకోవడం వల్ల ప్రయోజనం తక్కువ. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కట్టడం ప్రాచీన కట్టడం అనిపించుకోగలదు గాని, ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించినదానికే రక్షణ దక్కుతుంది. రోజూ పూజ జరిగే పల్లెటూరి గుడి ఆ జాబితాలోకి ఎక్కడం అరుదు, ఎక్కాలని నేను కోరడమూ లేదు. దాన్ని కాపాడవలసినది అందులో మోకరించేవారే. అయితే పురావస్తు శాఖవారు, కాకినాడ జేఎన్‌టీయూ, తాడేపల్లిగూడెం నిట్ లాంటి చోట్ల సివిల్ విభాగాలవారు తమ విద్యార్థులను ఒక వేసవిలో ఈ గుళ్లకు పంపితే చాలా మేలు జరుగుతుంది. ఏ గోడ ఎంత మందం, ఏ కమాను ఎంత వెడల్పు, ఏ దూలం ఎక్కడ పుచ్చింది అన్నది కొలిచి బొమ్మ గీసి పెట్టడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. కూల్చాలో ఉంచాలో ఆ బొమ్మ చూసి మాట్లాడుకుంటే అప్పుడు మాటకు ఆధారం ఉంటుంది. మేత్రాసనాలవారికీ, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, బాప్తిస్టు సంఘాల పెద్దలకూ నా మనవి ఒక్కటే: యాభై ఏళ్లు దాటిన గుడి దేన్నయినా పడగొట్టే ముందు, చివరకు దానికి సిమెంటు పూసే ముందు కూడా, సున్నపు పని తెలిసిన మనిషి ఒకరు వచ్చి చూసి రాసిచ్చాకనే అనుమతి ఇస్తామని ఒక నియమం పెట్టండి.

సున్నపు పని తెలిసినవారు ఎక్కడున్నారని అడుగుతారు. తక్కువే ఉన్నారు, ఆ మాట కాదనను. గానుగలు పోయాయి, ఎద్దులూ పోయాయి. కాని పాత దేవాలయాల మరమ్మతుల్లో పనిచేసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు, గ్రైండరు లాంటి చిన్న యంత్రంతో డంగుసున్నం నూరుకుంటున్నారు. ఖర్చు గురించి కూడా అడుగుతారు. పూత కూలి సిమెంటు పూత కంటే ఎక్కువే పడుతుంది, పని నెమ్మదిగా సాగుతుంది, ఆరడానికి ఓపిక పట్టాలి. పడగొట్టి కొత్తది కట్టడానికి అయ్యే డబ్బుతో పోలిస్తే మాత్రం అది చాలా చిన్న మొత్తం.

మా విచారణ పెద్దలకు నేను ఇప్పటికే నోటితో విన్నవించుకున్నది ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. మొత్తం గుడి గురించి ఇప్పుడే తేల్చవద్దు. జ్ఞానస్నానపు తొట్టి వెనుక ఉన్న ఆ ఒక్క గోడ, రెండు కిటికీల మధ్య భాగం, నాకు అప్పగించండి. దాని మీది సిమెంటును నెమ్మదిగా తీయించి, ఆ గోడ అడుగున ఒక వరుస టైల్సు లేపించి, ఒక వేసవి అంతా గోడను అలా వదిలి ఆరనిస్తాం. పొడిగా రాలిపోతున్న ఇటుకలు మార్పించి, సున్నంతో పూయించి, ఒక వానాకాలం గడవనిస్తాం. ఆ తరువాత పూజావస్త్రాల గది వెనుక గోడ మీద ఒక చేయి, ఈ గోడ మీద ఒక చేయి పెట్టి అందరూ చూడండి. తేడా ఉంటే అప్పుడు పడగొట్టే మాటే ఎత్తండి, నేను కూడా చెయ్యెత్తుతాను. ఆ గోడకయ్యే ఖర్చు నాది. పని తెలిసిన మేస్త్రీ ఒకరు వచ్చి చూసి ఒప్పుకున్నారు. గుల్లసున్నం రెండు బస్తాలు తెప్పించి మా పెరట్లో గొయ్యి తవ్వి విరిచాను, నీళ్లలో నానుతోంది. ఈ ఉత్తరం రాస్తున్న నాటికి పదకొండు రోజులు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఇంజనీరు,
కోనసీమ